కొమ్ము పురుగు, ముక్కు పురుగు ఒకటేనా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. కొబ్బరి మొవ్వులో కొమ్మున్న నల్ల పురుగు దొరికిందండి, పక్క చెట్టు మానులో పొడుగు ముక్కున్న ఎర్ర పురుగు. రెండూ ఒకటే, ఒకటి మగది ఇంకోటి ఆడది అని మా చిన్నాన్న అంటన్నారు. నిజమేనా? - ఓ రైతు

జవాబు: కాదండి, రెండూ వేరు వేరు జాతులు. కొమ్ము పురుగులో ఆడదానికీ కొమ్ముంటది, మగదానికి కాస్త పొడుగు, అంతే. ముక్కు పురుగులో మగదాని ముక్కు మీద చిన్న వెంట్రుకల కుచ్చు ఉంటది, అదీ తేడా.

అసలు తేడా అవి పుట్టే చోటులో ఉంది. కొమ్ము పురుగు చెట్టులో పుట్టదు, మీ గత్తం (పేడ ఎరువు) కుప్పలో పుడతది, లేకపోతే 2018 తిత్లీ లాంటి తుపానుకి పడిపోయి తోటలోనే కుళ్లుతున్న మానులో, అక్కడ నెలల తరబడి పెరిగి రెక్కలొచ్చాక రాత్రిపూట ఎగిరొచ్చి మొవ్వు తొలుస్తది, ఆ మట్ట విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపించేది అందుకే. ముక్కు పురుగు అలా కాదు, గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా బతుకంతా పచ్చి మాను లోపలే, పైకి ఏమీ తెలీదు, కన్నంలోంచి గోధుమరంగు జిగురు కారితే అనుమానించాలి, మానుకి చెవి ఆనిస్తే కొరుకుతున్న చప్పుడు కూడా వినిపిస్తది.

పిల్ల పురుగులు దొరికితే కాళ్లు చూడండి. గత్తంలో దొరికేదానికి మూడు జతల కాళ్లుంటాయి, పచ్చి మానులో దొరికేదానికి అసలుండవు.

మీ చిన్నాన్నగారు వీటికి సంబంధం ఉందనుకోడంలో మాత్రం తప్పులేదండి, కొమ్ము పురుగు చేసిన గాయం వాసన పట్టుకునే ముక్కు పురుగు వచ్చి అందులో గుడ్లు పెడతది, మొదటిది దారి తీస్తే రెండోది చెట్టునే చంపేస్తది. అందుకే నేనైతే ముందు గత్తం కుప్ప మీద పడమంటాను, తిరగేసి పిల్ల పురుగుల్ని ఏరెయ్యండి, మెటారైజియం అనే, పురుగుల్ని చంపే పచ్చ బూజు అందులో కలపండి, మొవ్వులో ఉన్నదాన్ని ఇనుప కొక్కెంతో లాగెయ్యండి. పచ్చి మట్టలు కొట్టాల్సొస్తే మానుకి ఆనించి కొట్టొద్దు, నాలుగడుగుల మొదలు వదిలెయ్యండి, ఆ గాయంలోంచీ ముక్కు పురుగు దూరతది. ఇప్పటికే తల వాలిపోయిన చెట్టుంటే కొట్టి, చీల్చి, తగలబెట్టెయ్యాలి, మనసొప్పక అలాగే ఉంచితే అందులోంచే పక్క చెట్లకి పోతాయి.