జిరాక్స్ దుకాణంలో నేను నిరుద్యోగిని కాను

"హైదరాబాద్‌లో నిరుద్యోగం తగ్గిందని వార్తల్లో చెబుతున్నారు, మా హాస్టల్లో మాత్రం సగం మంది ఖాళీగా ఉన్నారు. దేన్ని నమ్మాలి?" అని అడిగారు. రెండింటినీ నమ్మవచ్చు. ఈ ఊళ్లో నేను రెండుసార్లు ఖాళీగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

2008లో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఆఫర్ లెటరుతో ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో దిగాను. ఆ సెప్టెంబరులోనే అమెరికాలో లీమన్ బ్రదర్స్ దివాలా తీసింది. నేను చేరాల్సిన తేదీ నెలనెలా వెనక్కి జరిగింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక నాకు ఆఫర్ ఇచ్చిన కంపెనీకి ఫోను చేయడమే మానేశాను. హాస్టల్ డబ్బులు కట్టాలి కదా, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో సాయంత్రం పనికి కుదిరాను.

నగరంలో ఉద్యోగాల పరిస్థితి తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చలికాలంలో 'ఫ్రెషర్' అని వచ్చిన రెజ్యూమెలే వేసవికి 'రెండేళ్ల అనుభవం'తో తిరిగి వచ్చేవి. ప్రాజెక్టు వివరాల్లో అక్షరం తేడా ఉండేది కాదు, పేరూ ఫోను నంబరూ తప్ప. ఒక వారంలో ఒకే ప్రాజెక్టుకు పదకొండు మంది టీమ్ లీడర్లను చూశాను. నా పేరుతోనూ ఒకటి అచ్చు వేసుకున్నాను, వాడే ధైర్యం చాలలేదు.

ఇప్పుడు వార్తల్లో వచ్చే రేటు 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వేది. అందులో వారపు లెక్క ప్రకారం, గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. ఆ కొలతతో చూస్తే జిరాక్స్ దుకాణంలో నేను నిరుద్యోగిని కాను. మా అమ్మను అడిగితే "వాడికింకా ఉద్యోగం రాలేదు" అనేది.

రెండోసారి 2023లో. పదమూడేళ్ల అనుభవం, ఇంటి అప్పు, ఇద్దరు పిల్లలు ఉండగా ఉద్యోగం పోయింది. మా అపార్ట్‌మెంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ లాప్‌టాప్ సంచితో బయలుదేరి చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చునేవాడిని. చుట్టూ అశోక్‌నగర్ గదుల నుంచి వచ్చిన గ్రూప్-1 అభ్యర్థులే. 2022 అక్టోబరు ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఆ కబురు వచ్చిన రోజు నా పక్క కుర్చీలోని అబ్బాయి పుస్తకం మూయలేదు, అదే పేజీ సాయంత్రం దాకా తెరిచి ఉంది. అతను అప్పటికి నాలుగేళ్లుగా చదువుతున్నాడు.

సర్వే వాళ్లు ఆ బల్ల దగ్గరకు వచ్చి ఉంటే, పని వెతుకుతున్నానన్న నేను నిరుద్యోగిని. 'చదువుకుంటున్నాను' అని చెప్పే అతను శ్రామిక శక్తిలోనే, అంటే పని చేసేవారూ పని వెతికేవారూ ఉండే లెక్కలోనే లేడు. రేటును శ్రామిక శక్తిలో ఉన్నవారి మీదే లెక్క కడతారు కాబట్టి అతను ఆ భిన్నంలో పైనా లేడు, కిందా లేడు. నాలుగు నెలల తర్వాత పాత జీతంలో మూడో వంతు తగ్గించుకుని చేరాను. ఆ తగ్గుదలా ఏ రేటులోనూ లేదు.

అలాగని సర్వే అబద్ధమని కాదు. వారపు లెక్క కాకుండా ఏడాది మొత్తాన్ని చూసే లెక్కలో, దేశం మొత్తం మీద పట్టణ నిరుద్యోగం 2017-18లో 8 శాతానికి దగ్గరగా ఉండి, 2023-24కి 5 శాతం దగ్గరకు వచ్చింది. కానీ పల్లెలూ పట్టణాలూ కలిపి 15-29 ఏళ్ల వారిలో అదే ఏడాది 10 శాతం. మీ హాస్టల్లో ఉండేది ఆ వయసు వారే, మీ కంటికి ఎక్కువగా కనిపించడంలో వింత లేదు. 'హైదరాబాద్ రేటు' అని ఎవరైనా అంకె చెబితే, అది తెలంగాణ పట్టణాలన్నిటి సగటేమో ముందు చూసుకోండి.

మొన్న అమీర్‌పేట వెళ్లినప్పుడు ఆ దుకాణం ముందు ఆగాను. రెజ్యూమెలు అచ్చు వేయించుకునేవారు దాదాపు లేరట. హాల్ టికెట్లకు మాత్రం వరుస ఉంది.