అత్తామామల్ని న్యూయార్క్ మ్యూజియాలకు తీసుకెళ్లాలి, సిటీపాస్ కొనమంటారా?

ఎడిసన్‌లో ఉంటామని, మామగారికి 68, అత్తగారికి 63 అని, వాళ్లు అమెరికా రావడం ఇదే మొదటిసారని రాశారు. మ్యూజియాలంటే మామగారికి ఇష్టమట. ఒకే ధరకు కొన్ని చోట్లు కలిపి చూడనిచ్చే సిటీపాస్ తీసుకుంటే నయమా, విడివిడిగా టికెట్లు కొనుక్కోవాలా అన్నది మీ ప్రశ్న. మేమూ న్యూజెర్సీలోనే ఉంటాం. పదేళ్లుగా మా అమ్మానాన్నలతోనూ, మా ఆవిడ తరఫువాళ్లతోనూ, ఊళ్లనుంచి వచ్చిన చుట్టాలతోనూ ఈ లెక్కలు చాలాసార్లు వేసుకున్నాను.

నా మాటైతే, ముందే పాస్ కొనకండి. మీలో ఎవరి అడ్రస్ ఎక్కడ, ఎవరి వయసెంత అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. న్యూయార్క్ మ్యూజియాల్లో టికెట్ ధర చాలామటుకు ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ సంగతి చూడండి. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్ రాష్ట్రాల్లో ఉండేవాళ్లు అక్కడ మామూలు ప్రవేశానికి తమకు తోచినంత ఇవ్వొచ్చు. అంటే మీరూ, మీవారూ, పిల్లలూ ఐదేసి డాలర్లు ఇచ్చినా ఎవరూ ఏమీ అనరు. నేను ఇవ్వగలిగిన రోజున కాస్త ఎక్కువే ఇస్తాను, అది వేరే సంగతి. న్యూజెర్సీ డ్రైవింగ్ లైసెన్సు మాత్రం చేతిలో ఉంచుకోండి. మీ అత్తామామలకు ఇది వర్తించదు, వాళ్లు ఇక్కడికి చూడటానికి వచ్చినవాళ్లు కాబట్టి. "మా ఇంట్లోనే ఉంటారు కదా" అని కౌంటర్ దగ్గర పెద్దవాళ్ల చేత చెప్పించొద్దు, వాళ్లకు అది ఇబ్బందిగా ఉంటుంది. పైగా అవసరమూ లేదు. అక్కడ 60 దాటితే సీనియర్ టికెట్. పెద్దల టికెట్ 30 డాలర్లు, సీనియర్‌కి 24. ఇద్దరికీ 48తో సరిపోతుంది. ప్లానిటేరియం, ప్రత్యేక ప్రదర్శనలు మాత్రం తోచినంత కిందికి రావు, వాటికి వేరే ధర ఉంటుంది.

మెట్రోపాలిటన్ మ్యూజియంలో (అందరూ మెట్ అంటారు) లెక్క పూర్తిగా తిరగబడుతుంది, ఇక్కడే మన జెర్సీవాళ్లు తరచుగా పొరబడతారు. 2018 మార్చిదాకా అక్కడ అందరూ తోచినంత ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత నుంచి ఆ వెసులుబాటు న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లకూ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్‌లలో చదివే విద్యార్థులకూ మాత్రమే మిగిలింది. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకునే మీకూ నాకూ 30 డాలర్లు పడుతుంది. న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి ఐడీ కార్డు చూపించి తోచినంత ఇచ్చి లోపలికి వెళుతుంది. అక్కడ సీనియర్ అంటే 65, కాబట్టి మామగారికి 22, అత్తగారికి మాత్రం 30 అవుతుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. వయసు అడిగితే చూపించడానికి పాస్‌పోర్ట్ ఫోటో ఫోన్లో పెట్టుకోండి.

ఇక సిటీపాస్. అందులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, నేచురల్ హిస్టరీ మ్యూజియం ఖాయంగా ఉంటాయి. వాటితోపాటు టాప్ ఆఫ్ ద రాక్ (ఎత్తైన భవనం మీంచి నగరం చూసే చోటు), లిబర్టీ విగ్రహం ఫెర్రీ, 9/11 మ్యూజియం, సర్కిల్ లైన్ పడవ, ఇంట్రెపిడ్ (పాత యుద్ధనౌకలో పెట్టిన మ్యూజియం), గుగెన్‌హైమ్ ఆర్ట్ మ్యూజియంలలోంచి మూడు ఎంచుకోవాలి. మొదటిది వాడిన రోజునుంచి 9 రోజులు చెల్లుతుంది. ధర పెద్దవాళ్లకు 150 డాలర్లకు అటూఇటూ. 35 ఏళ్ల టూరిస్టుకి అది నిజంగానే మంచి బేరం. మీ ఇంటికి ఎందుకు అంత కలిసిరాదో చెప్తాను. ఆ పాస్‌లో పెద్దలు, పిల్లలు అని రెండే ధరలు ఉంటాయి, సీనియర్ ధర లేదు. విడిగా కొంటే మామగారికి నేచురల్ హిస్టరీలో 6, గుగెన్‌హైమ్‌లో 11 డాలర్లు తగ్గుతాయి. ఆ తగ్గింపు పాస్‌లో కలవదు. మీకూ మీవారికీ అయితే తోచినంత ఇచ్చి వెళ్లగలిగిన మ్యూజియానికి పాస్ ద్వారా డబ్బు కట్టినట్టవుతుంది. పైగా మామగారికి మ్యూజియాలంటే ఇష్టమన్నారు, తీరా మెట్ అందులో లేనే లేదు.

ఒకవేళ తీసుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. మూడింట్లో ఒకటిగా ఫెర్రీని ఎంచుకోకండి. ఆ టికెట్ విడిగా కొన్నా పెద్దలకు పాతిక డాలర్ల దగ్గరే ఉంటుంది, మిగతావన్నీ దానికన్నా ఎక్కువ. ఫెర్రీ టికెట్ స్టాట్యూ సిటీ క్రూజెస్ అనే కంపెనీ దగ్గర విడిగా తీసుకోండి, దీవి మీద దిగనిచ్చేది వాళ్లే. ఫెర్రీ బయల్దేరే బ్యాటరీ పార్క్ దారిలో మెడలో బిళ్లలు వేసుకుని "లిబర్టీ టికెట్, డిస్కౌంట్" అంటూ వెంటపడేవాళ్ల దగ్గర కొంటే పడవ విగ్రహం పక్కనుంచి చుట్టి తెచ్చేస్తుంది, దింపదు.

ఒకే రోజులో ఎన్నైనా చూడొచ్చు అనే రకం పాస్‌లు ఇంకా ఉన్నాయి. వాటి జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. మా అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు అలాంటిదే కొన్నాను. పెట్టిన డబ్బు రాబట్టాలన్న తొందరలో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి అని పరుగెత్తించాను. మూడోచోట లైన్లో నిలబడి ఉండగా అమ్మ మోకాలు పట్టుకుని ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయింది. "మీరు చూసి రండి, నేనిక్కడ కూసుంట" అంది. పధ్నాలుగు గంటల విమానంలో వచ్చిన మనిషిని నా లెక్క కోసం అలా నడిపించానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే 2023లో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు రోజుకొక్కటే అనుకున్నాం. ఆ వేసవిలో మెట్‌లో ప్రాచీన భారతీయ బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి నుంచి రాళ్లు వచ్చాయి. మెట్‌లో ప్రత్యేక ప్రదర్శనలకు వేరే టికెట్ ఉండదు, ప్రవేశంలోనే కలిసి ఉంటాయి. మాది సూర్యాపేట వైపు, ఫణిగిరి మా ఊరికి దగ్గరే. నాన్న ఆ తోరణపు దూలం ముందు ఆగిపోయాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని పలక మీద పేరు చదివించుకున్నాడు. "ఇది మన ఫణిగిరి గుట్ట మీదిది గదరా! చిన్నప్పుడు ఆ గుట్ట ఎక్కినం మేము" అన్నాడు. చెయ్యి తగలకుండా గాలిలోనే ఆ చెక్కడం వెంట వేలు కదుపుతూ ఒక చివరనుంచి ఇంకో చివరకు నడిచాడు, అవతలి వైపుకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడే నలభై నిమిషాలు ఉన్నాం. ఆ రోజు మేము చూసింది ఆ ప్రదర్శన ఒక్కటే. ఆయన టికెట్‌కి 22 డాలర్లయింది.

ఆ ప్రదర్శన అయిపోయింది కానీ మెట్‌లో దక్షిణాసియా గ్యాలరీలు ఎప్పుడూ ఉంటాయి, మామగారిని నేరుగా అక్కడికి తీసుకెళ్లండి. ముందువైపు ఆ పెద్ద మెట్లు ఎక్కించొద్దు. 81వ వీధి దగ్గర కింద ఇంకో ద్వారం ఉంది, మెట్లు లేకుండా లోపలికి వెళ్లొచ్చు. చక్రాల కుర్చీ డబ్బులేమీ తీసుకోకుండానే ఇస్తారు. బుధవారం సెలవు. శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి, తీరిగ్గా బయల్దేరినా సరిపోతుంది.

అత్తగారికి నేచురల్ హిస్టరీలో రత్నాల హాలు నచ్చుతుంది. అమ్మ అక్కడ స్టార్ ఆఫ్ ఇండియా నీలం చూసి కదల్లేదు. 563 కేరెట్లు, పేరుకి ఇండియా గానీ దొరికింది శ్రీలంకలో. 1964లో దొంగలు ఎత్తుకుపోతే కొన్ని నెలలకు మళ్లీ దొరికిందని చెప్తే ఆవిడ ఇంకో చుట్టు తిరిగి చూసింది.

మిగతా దారుల గురించి క్లుప్తంగా చెప్తాను. మీ ఊరి లైబ్రరీలో అడగండి, న్యూజెర్సీలో చాలా లైబ్రరీలు పుస్తకాల్లాగే మ్యూజియం పాస్‌లు కూడా అరువిస్తాయి. ఏ మ్యూజియం, ఎంతమందికి అన్నది ఊరిని బట్టి మారుతుంది, వేసవిలో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకవు. న్యూయార్క్ నగరంలో మీకు దగ్గరి బంధువులుంటే ఇంకా మేలు. అక్కడి లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లకు 2018 నుంచి కల్చర్ పాస్ అని ఉంది. క్వీన్స్‌లో ఉండే మా బావమరిది దాంతో తనతోపాటు మమ్మల్నీ తీసుకెళ్లాడు. ఒక్కో మ్యూజియానికి ఏడాదికి ఒక్కసారే ఇస్తారు. 9/11 స్మారకంలో ఆ రెండు నీటి కొలనులు చూడటానికి టికెట్ అక్కర్లేదు. లోపలి మ్యూజియానికి సోమవారం సాయంత్రాలు కొన్ని ఉచిత టికెట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు. పెద్దవాళ్లకు అది మనసుకు బరువుగా ఉంటుంది, ముందే అడిగి తీసుకెళ్లండి.

బ్యాంక్ ఆఫ్ అమెరికా కార్డు ఉంటే నెలలో మొదటి పూర్తి వారాంతం కొన్ని మ్యూజియాల్లో ఉచితం. కార్డు మీద పేరున్న ఒక్కరికే, పక్కన వచ్చినవాళ్లకు కాదు. పాల్గొనే మ్యూజియాల జాబితా బ్యాంకు సైట్‌లో చూసుకోండి.

అత్తామామలు ఏ తేదీన దిగుతున్నారో, ఎంపైర్ స్టేట్ ఎక్కాలని వాళ్లకు నిజంగా ఉందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. పిల్లల వయసులు కూడా చెప్తే మీ ఐదారుగురికీ ఏ రోజు ఎంతవుతుందో నేనే లెక్క వేసి పెడతాను.