వలిసెలు మనం తినొచ్చా? నూనెకు ఎందుకు వాసన వస్తోంది?

ప్రశ్న: సార్, మాది అరకు ప్రాంతం. మెట్టలో వలిసెలనే నూనెగింజల పంట వేస్తాం. పండిందంతా వ్యాపారికే ఇచ్చేస్తున్నాం. పిట్టల మేతకు కొంటారట. మనం తినొచ్చా? పోయినేడు పట్టించిన నూనె రెండు నెలలకే కంపు కొట్టింది. ఎందుకలా?

జవాబు: నిక్షేపంగా తినొచ్చు. విదేశాల్లో పిట్టల మేతగా వాడే మాట నిజమే. కానీ ఈ పంట పుట్టిన ఇథియోపియాలో వంటనూనెకు దీన్నే పండిస్తారు. కర్ణాటక, మహారాష్ట్రల్లో రొట్టెల్లోకి దీని పొడి చేసుకుంటారు. ఇంత మంచి గింజను పండించేవాళ్లే తినకుండా అమ్ముకోవడం నాకు బాధగా ఉంటుంది.

గింజలో 35–40 శాతం నూనె, 20 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఆ మాంసకృత్తుల్లో లైసిన్ అనే ముఖ్యమైన భాగం తక్కువ కాబట్టి పప్పుతో కలిపి తింటే ఆ లోటు తీరుతుంది. నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం అనే కొవ్వే. మన శరీరం దీన్ని తయారు చేసుకోలేదు, తిండి నుంచే అందాలి. అయితే గాలి, వెలుతురు, వేడి తగిలితే త్వరగా చెడేదీ ఇదే. మీ నూనెకు వాసన రావడానికి కారణం అదే.

అందుకే నూనెగా కాదు, గింజగా దాచుకోండి. బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోయండి. నెలకు సరిపడా మాత్రమే గానుగ పట్టించి, స్టీలు డబ్బాలో అంచుదాకా నింపి చీకట్లో పెట్టండి. తాలింపుకు, పచ్చళ్లకు వాడండి. బూరెలు, గారెలు వేయించడానికి వద్దు. వాసన వచ్చిన నూనె మాత్రం పారబోయాల్సిందే.

పొడి చేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. గింజ నల్లగా ఉంటుంది కాబట్టి వేగిందో లేదో రంగును బట్టి తెలియదు. సన్న సెగ మీద చిటపటలాడుతుండగా ఒక గింజ నలిపి చూడండి. లోపలి తెల్లటి పప్పు కాస్త ఎర్రబడితే దించేయండి. మాడితే చేదే. చల్లారాక ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచండి. వారానికి సరిపడానే చేసుకోండి, పొడి కూడా నూనెలాగే పాడవుతుంది.

చేలో బంగారు తీగ (పంటను అల్లుకుని దాని రసం పీల్చి బతికే కలుపు తీగ) ఉంటే దాని గింజలు వలిసెల్లో కలుస్తాయి. తినడానికైనా, విత్తనానికైనా జల్లెడ పట్టాకే తీసుకోండి. గానుగలో మిగిలిన చెక్కను పశువుల దాణాలో కలపండి.