లాడ్జిలో మొదటి డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం: చేరే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప బీకాం పూర్తి చేసి, తిరుపతిలో మూడు నెలలు డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసింది. అక్కడే బస్టాండు దగ్గర 24 గదుల లాడ్జి, దాంతోపాటు ట్రావెల్స్ నడిపే ఒకాయన ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఇన్నాళ్లూ ఆ పని చెన్నై ఏజెన్సీ చూసేదట. ఇప్పుడు సొంతంగా ఒకరిని పెట్టుకుంటున్నారు, ఆ ఒక్కరూ మా పాపే. నేర్పేవాళ్లు లేని చోట చేర్చవచ్చా, బెంగళూరు పంపమంటారా?

జవాబు: చేర్చవచ్చు. బెంగళూరు ఏజెన్సీలో కొత్తగా చేరితే చాలాకాలం పోస్టులు వేయడమో, రిపోర్టులు తయారు చేయడమో, ఏదో ఒక ముక్కే చేతికిస్తారు. ఇక్కడ ప్రకటన పెట్టిన దగ్గర్నుంచి గది తాళం చేతికిచ్చే దాకా మొత్తం కళ్లముందే జరుగుతుంది. అంత పని ఒక్కచోట నేర్చుకునే అవకాశం మొదటి ఉద్యోగంలో అరుదు. కాకపోతే చేరకముందే ఓనర్‌తో మూడు విషయాలు తేల్చుకోవాలి: వచ్చిన ఫోన్ ఎవరు ఎత్తుతారు, ప్రకటనలకు డబ్బెంత, అకౌంట్లు ఎవరి పేరున ఉంటాయి.

ఫోన్ సంగతి ముందు. ఇలాంటి ఉద్యోగాలు ఎక్కువగా చెడేది అక్కడే. తిరుపతిలో గది అడిగేవాళ్లలో చాలామంది రాత్రి పొద్దుపోయాక, లేదా తెల్లవారుజామున రైలు దిగే ముందు అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నను రిసెప్షన్‌లో రెండు గంటల తర్వాత చూస్తే ఆ కుటుంబం ఈలోపే ఇంకోచోట అడ్వాన్స్ కట్టేసి ఉంటుంది. నెలాఖరుకు ఓనర్ ‘ప్రకటనలు దండగ’ అంటారు, మాట పడేది మీ అమ్మాయి. అందుకని ప్రకటనల కోసం విడిగా ఒక నంబరు, ఏ షిఫ్టులో ఎవరు జవాబివ్వాలో స్పష్టంగా ఒక పేరు అడగండి. రిసెప్షన్‌లో ఒక రిజిస్టరు పెట్టించాలి: తేదీ, ఏ ఊరు, మా గురించి ఎలా తెలిసింది, గది తీసుకున్నారా, తీసుకోకపోతే ఎందుకు. ఈ అయిదు గళ్లు రోజూ నిండకపోతే ఎంత మంచి ప్రకటన పెట్టినా ఫలితం తెలియదు.

డబ్బు లెక్క ఇలా చూడాలి. నెలకు 15,000 ప్రకటనలకు పెడితే 18 శాతం జీఎస్టీ కలిపి 17,700 అవుతుంది. దానికి 60 మంది అడిగారనుకుంటే ఒక్కో విచారణకు 295 పడింది. వాళ్లలో 12 మంది గది తీసుకుంటే ఒక్కో బుకింగ్‌కు 1,475. ఒక బుకింగ్‌లో మిగిలేది అంతకన్నా తక్కువైతే లైకులు ఎన్ని వచ్చినా నష్టమే. ఈ 1,475ను బుకింగ్ సైట్లకు కట్టే కమీషన్‌తో పోల్చి చూపగలిగిన రోజున ఆ ఉద్యోగానికి విలువ వస్తుంది. జీతం, ప్రకటనల డబ్బు రెండు వేర్వేరు పద్దులుగా ఉండాలి. ‘ముందు ఖర్చు లేకుండా చేసి చూపించు’ అంటే మొదటి నెలకు ఒప్పుకోవచ్చు, ఆర్నెల్లకు ఒప్పుకోకూడదు.

అకౌంట్ల విషయంలో తొందర అవసరం. ఏజెన్సీని మాన్పించకముందే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్స్‌లో లాడ్జి వివరాలు కనిపించే పేజీ), గూగుల్ యాడ్స్ (ప్రకటనల అకౌంట్), ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, వెబ్‌సైట్ డొమైన్ (చిరునామా పేరు), అన్నిటి యాజమాన్యం ఓనర్ ఈమెయిల్‌కు మార్పించాలి. ఏజెన్సీ తన పేరున తెరిచిన యాడ్ అకౌంట్ చేజారితే పాత ప్రకటనల ఫలితాలన్నీ దాంతోనే పోతాయి. మీ పాపకు మేనేజర్ స్థాయి అనుమతి చాలు. ఓటీపీలు లాడ్జి సిమ్‌కే రావాలి. ఆమె కార్డు నుంచి ఒక్క రూపాయి కూడా కట్టకూడదు, తర్వాత ఇస్తామన్నా సరే.

మొదటి నెల ప్రకటనలు వద్దు. గూగుల్ ప్రొఫైల్ సరిచేస్తే చాలు. పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. ‘తిరుపతిలో బెస్ట్ లాడ్జి’ లాంటివి పేరులో చేరిస్తే గూగుల్ ప్రొఫైల్‌ను నిలిపేయవచ్చు. డిస్కౌంట్ ఇచ్చి రివ్యూలు రాయించుకోవడం కూడా నిబంధనలకు విరుద్ధం. ఫొటోల్లో బాత్‌రూమ్, లిఫ్టు, పార్కింగ్ కనిపించాలి. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, 24 గంటల చెకౌట్ ఉందా, ఆరుగురు ఒకే గదిలో సర్దుకోవచ్చా, అలిపిరి ఎంత దూరం? కుటుంబంతో వచ్చే భక్తులు అడిగేవి ఇవే. వీటికి జవాబులు ముందే పెట్టేస్తే సగం ఫోన్లు నేరుగా బుకింగ్ మాటతోనే మొదలవుతాయి.

రెండో నెల గూగుల్ సెర్చ్ ప్రకటనలు, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు ఫలితాలతో పాటు కనిపించేవి. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు లొకేషన్‌గా తిరుపతి పెట్టి, ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే చూపించమనడం. ముందుగా గది చూసుకునే కుటుంబం అప్పటికింకా చెన్నైలోనో, వేలూరులోనో, హైదరాబాదులోనో ఉంటుంది. ఆ ఊళ్లను ఎంచుకోవాలి. చెన్నైకి తమిళంలో ప్రకటన రాస్తే మెషీన్ అనువాదాన్ని నమ్మకుండా, తమిళం బాగా వచ్చినవాళ్లతో ఒకసారి చదివించాలి. మన చిత్తూరులో వాళ్లకు కొరత లేదు.

రెండో పొరపాటు నెగెటివ్ కీవర్డ్స్, అంటే ఏ మాటలు వెతికితే మన ప్రకటన కనిపించకూడదో ఆ జాబితా, పెట్టకపోవడం. ‘టీటీడీ రూమ్స్’, ‘దర్శనం టికెట్’, ‘300 రూపాయల టికెట్’ అని వెతికేవాళ్లు లాడ్జి ప్రకటన నొక్కి, తాము వెతికింది కాదని వెనక్కి పోతారు. నొక్కినందుకు డబ్బు మాత్రం పోతుంది. మొదటి రెండు వారాలు రోజూ సెర్చ్ టర్మ్స్ రిపోర్టు (జనం ఏ మాటలు వెతికితే ప్రకటన కనిపించిందో చెప్పేది) చూసి అలాంటి మాటలను ఆ జాబితాలో చేరుస్తూ ఉండాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘దర్శనం టికెట్ ఇప్పిస్తాం’ అని ప్రకటన పెట్టమంటే మీ అమ్మాయి ఆ పని చేయకూడదు. టీటీడీ దళారులపై కేసులు పెట్టిస్తుంది. ఎంత జీతమిచ్చినా భక్తులను మోసం చేసే పనిలో ఆమె చేయి కలపాల్సిన అవసరం లేదు.

మరొకటి, ఖర్చు ఏడాది పొడుగునా ఒకేలా ఉండకూడదు. బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాసి నెల శనివారాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో గదులు వాటంతటవే నిండుతాయి. ఖాళీగా ఉండే మామూలు వారపు రోజులకే డబ్బు మళ్లించాలి. ఏ నెల ఏ రోజు ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో పాత లాడ్జి రిజిస్టరే చెబుతుంది.

నేర్పేవాళ్లు లేరన్న మీ భయం నిజమైనదే. గూగుల్ వాళ్ల శిక్షణ సైటు స్కిల్‌షాప్‌లో యాడ్స్ సర్టిఫికెట్లు ఉచితం, ఏడాది పాటు చెల్లుతాయి. చేరేలోగా సెర్చ్ పరీక్ష రాయించండి. ఆపైన నెలకు ఒక గంట బయటి అనుభవజ్ఞుడు అకౌంట్ చూసి తప్పులు చెప్పేలా, ఆ ఫీజు లాడ్జే భరించేలా అడగండి. ఏజెన్సీకి కట్టేదాంట్లో అది చిన్న భాగమే అవుతుంది, అడగడానికి మొహమాటం వద్దు. డిజైన్, వీడియో, వెబ్‌సైట్, రిసెప్షన్ అన్నీ ఆమే చూడాలంటే మాత్రం అది మార్కెటింగ్ ఉద్యోగం కాకుండా పోతుంది. వీడియో ఎడిటింగ్, వెబ్‌సైట్ పని బయట చేయించుకుంటామని మాట తీసుకోండి.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో జీతం, పని వేళలు, వారపు సెలవు, మూడు నెలల తర్వాత దేన్ని బట్టి అంచనా వేస్తారో రాయించండి. ఆ అంచనా ఒక బుకింగ్‌కు పడిన ఖర్చు, జవాబు దొరికిన విచారణల సంఖ్య మీదే ఉండాలి. ఫాలోవర్ల లెక్క మీద పెడితే ఒప్పుకోవద్దు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేస్తూ, జీతం 21,000 మించకపోతే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే పీఎఫ్ సంగతి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వకండి, జిరాక్సులు చాలు. ఫోన్ల ఏర్పాటుకు, అకౌంట్ల మార్పుకు ఓనర్ ఒప్పుకోకపోతే ఈ ఉద్యోగం వదిలేయండి. రిజిస్టరు పెట్టనిచ్చే ఇంకో హోటలో, ఆస్పత్రో, చిత్తూరులో మామిడి గుజ్జు అమ్మే సంస్థో వెతుక్కోవచ్చు.