బాబుకు వీల్‌చైర్ కావాలి, ఇంగ్లండ్‌లో ఎవరిని అడగాలి?

సందేహం: మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చారు. నేనూ బాబూ డిపెండెంట్లం. రెడింగ్‌లో ఉంటున్నాం. బాబుకు తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. ఖమ్మంలో కొన్న వీల్‌చైర్ ఇరుకైపోయింది. ఇక్కడి ధరలు చూస్తే భయమేస్తోంది. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఇస్తుందని కొందరు, వీసా మీద ఉన్నవాళ్లకు ఇవ్వదని కొందరు అంటున్నారు. ఏది నిజం?

ఇస్తుందమ్మా, నిశ్చింతగా అడగండి. వీసాకు అప్లై చేసినప్పుడు హెల్త్ సర్‌చార్జి కట్టించుకున్నారు కదా. ఇప్పటి రేటు పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 776. అది కట్టాక ఎన్‌హెచ్‌ఎస్ దగ్గర మీకూ, ఇక్కడ స్థిరపడ్డవాళ్లకూ పెద్ద తేడా ఉండదు. వీసా షరతుల్లో ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అన్న మాట చూసి మనవాళ్లు బెదిరిపోతుంటారు. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ లెక్కలోకి రాదు, వీల్‌చైర్ సర్వీస్ కూడా ఎన్‌హెచ్‌ఎస్‌లో భాగమే. వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే డీఎల్‌ఏ భత్యం మాత్రం పబ్లిక్ ఫండే. ఎవరో ఫామ్ చేతికిచ్చారని నింపి పంపకండి, అది వీసా మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఎవరిని అడగాలన్నది. వీల్‌చైర్ సర్వీస్‌కు మీరే ఫోన్ చేస్తే, మొదటిసారి వచ్చేవాళ్లకు రిఫరల్ (డాక్టరో థెరపిస్టో రాసి పంపే సిఫార్సు) కావాలనే చాలాచోట్ల చెబుతారు. జీపీ (మీ ఇంటి దగ్గరి మామూలు డాక్టర్), పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ) వీళ్లలో ఎవరైనా పంపొచ్చు. ఎవరికి ఇస్తారు, ఏ కుర్చీ ఇస్తారు అన్న నిబంధనలు ఊరూరికీ మారతాయి. ఎందుకంటే డబ్బు ఇచ్చేది ఆ ప్రాంతపు ఎన్‌హెచ్‌ఎస్ బోర్డు. లీడ్స్‌లో ఇంకొకరికి దొరికింది మీకూ దొరకాలని లేదు. అయితే అవసరం తాత్కాలికం కాదు, చాలాకాలం ఉంటుంది అన్నది దాదాపు అంతటా చూస్తారు.

నన్నడిగితే మీ బాబు విషయంలో రిఫరల్ రాయాల్సింది ఫిజియో గానీ ఓటీ గానీ. జీపీ చేతిలో ఉండేది పది నిమిషాలు. రిఫరల్ ఫామ్‌లో అడిగేవేమో ఇవి: తుంటి వెడల్పు ఎంత, పట్టు లేకుండా కూర్చోగలడా, మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారతాడు, ఒత్తిడి వల్ల పుళ్లు ఎప్పుడైనా పడ్డాయా, రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటాడు, ఇంటి ముందు మెట్లున్నాయా. వీటికి పిల్లాణ్ని చేత్తో పట్టి చూసిన మనిషే సరిగ్గా రాయగలరు. ఖాళీలు వదిలేసిన ఫామ్ తిరిగి వచ్చేస్తుంది, ఆ సంగతి మీకు తెలిసేసరికి నెల గడిచిపోతుంది. అందుకని మొదట జీపీ దగ్గర రిజిస్టర్ చేయించి, పిల్లల కమ్యూనిటీ టీముకు, ఫిజియోకు పంపమని అడగండి. బాబు బడిలో చేరి ఉంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసుకునే సెన్‌కో టీచర్‌నూ అడగండి. కొన్ని బళ్లకు ఫిజియోలు వస్తుంటారు, పని త్వరగా కదులుతుంది.

మన సదరం సర్టిఫికెట్‌లోని శాతం ఇక్కడ పనికిరాదు. బాబు ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నదే చూస్తారు. నిలోఫర్‌లో గానీ నిమ్స్‌లో గానీ చూపించిన కాగితాలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ సమ్మరీలు ఉంటే అవి మాత్రం తప్పకుండా పట్టుకెళ్లండి.

ఫామ్ కన్నా ముందు మన నోటి దగ్గరే పని చెడుతుంది. ఫిజియో అడుగుతుంది: "నడుస్తాడా?" తల్లి వెంటనే, "ఆ, ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాడండీ, తెలివైనవాడు" అంటుంది. బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి ఏ తల్లికి నోరు వస్తుంది? ఫామ్‌లోకి మాత్రం ‘నడవగలడు’ అని ఎక్కుతుంది. వంటింటి నుంచి హాల్లోకి వచ్చేసరికి ఎన్నిసార్లు ఆగుతాడు, వారంలో ఎన్నిసార్లు పడతాడు, బస్టాపు దాకా ఎవరు ఎత్తుకెళ్తారు, బడి నుంచి వచ్చాక సాయంత్రం ఎలా ఉంటాడు, ఇవన్నీ చెప్పండి. బాగా లేని రోజు ఎలా ఉంటుందో అది చెప్పండి. ఇంగ్లిష్‌లో ఇంత వివరంగా చెప్పడం కష్టమనిపిస్తే అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి. దానికి మీరేమీ కట్టక్కర్లేదు.

కొలతలు ఇంట్లోనే తీసి పెట్టుకుంటే మంచిది. మెత్తటి సోఫా కాకుండా గట్టి డైనింగ్ కుర్చీలో కూర్చోబెట్టండి. తుంటికి రెండు పక్కలా రెండు లావుపాటి పుస్తకాలు ఆనించి నిలబెట్టి, వాటి మధ్య దూరం టేపుతో కొలవండి. పిర్రల వెనక నుంచి మోకాలి మడత దాకా ఒక కొలత, మోకాలి మడత నుంచి మడమ దాకా ఇంకొకటి. బరువు కిలోల్లో రాయండి. తలుపుల వెడల్పూ కొలవండి, ఇక్కడి పాత టెరేస్ ఇళ్లలో (గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండేవి) బాత్రూం తలుపు మరీ ఇరుకు. చేత్తో తిప్పుకునే పెద్ద చక్రాల కుర్చీ మొత్తం వెడల్పు, సీటు వెడల్పు కన్నా ఏడెనిమిది అంగుళాలు ఎక్కువే ఉంటుంది. బడి ట్యాక్సీలో కుర్చీలోనే కూర్చుని వెళ్తాడా అన్నది అడక్కపోయినా చెప్పండి. అలాగైతే క్రాష్ టెస్ట్ చేసిన కుర్చీ, దాన్ని బండిలో బిగించే ఏర్పాటు కావాలి.

అసెస్‌మెంట్ రోజున కాళ్లకు వేసే స్ప్లింట్లు, వాటి మీద తొడిగే బూట్లు మర్చిపోవద్దు. ఫుట్‌రెస్టు ఎత్తు వాటితో కలిపే చూస్తారు. ఖమ్మం కుర్చీ కూడా తీసుకెళ్లండి. ఎక్కడ ఒరుసుకుంటోందో, ఎటు ఒరిగిపోతున్నాడో చూడగానే వాళ్లకు అర్థమవుతుంది. పర్సనల్ వీల్‌చైర్ బడ్జెట్ (కుర్చీ కోసం ఎన్‌హెచ్‌ఎస్ కేటాయించే మొత్తం) గురించి అక్కడే అడగండి. అర్హత ఉన్నవాళ్లకు 2019 డిసెంబర్ నుంచి అది హక్కు. వాళ్లిచ్చే కుర్చీ కాకుండా ఇంకొంచెం మంచిది కావాలంటే, ఆ బడ్జెట్‌కు మీ డబ్బో, ఏదైనా చారిటీ సాయమో కలుపుకోవచ్చు. పిల్లల కుర్చీల కోసం విజ్ కిడ్జ్ అనే చారిటీ ఉంది, మీ ప్రాంతంలో సాయం చేస్తారేమో కనుక్కోండి.

కుర్చీ అలవాటైతే నడక మానేస్తాడని ఊళ్లో అమ్మమ్మలు, నానమ్మలు ఫోన్లో టెన్షన్ పెడతారు. దూరాలకు కుర్చీ, ఇంట్లో నడక, రెండూ కలిపి సాగే పిల్లలు ఇక్కడ బోలెడంతమంది. కుర్చీ ఇచ్చారని ఫిజియోథెరపీ ఆపేయరు. మధ్యాహ్నానికే అలసిపోని పిల్లాడు పాఠం వింటాడు, ఆడుకుంటాడు కూడా.

పిల్లలకు రిఫరల్ నుంచి కుర్చీ చేతికొచ్చేదాకా 18 వారాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. అన్ని చోట్లా అలా జరగడం లేదు. రిఫరల్ కాపీ ఒకటి అడిగి తీసుకోండి. రెండు వారాల తర్వాత వీల్‌చైర్ సర్వీస్‌కే ఫోన్ చేసి, ఫామ్ అందిందా, ఏమైనా తక్కువైందా అని అడగండి. విసుక్కుంటారేమోనని మొహమాటపడొద్దు. ఈలోగా బొత్తిగా ఇబ్బందైతే కొన్ని వారాలకు కుర్చీ అద్దెకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకైనా అదే దారి, ఎన్‌హెచ్‌ఎస్ కుర్చీ వాళ్లకు కాదు.

ఇచ్చిన కుర్చీ మీ సొంతం కాదు, అవసరం ఉన్నంతకాలం వాడుకోమని ఇస్తారు. మామూలు వాడకంలో వచ్చే రిపేర్లు వాళ్లే ఉచితంగా చేస్తారు. బాబు ఎదిగి ఇరుకైతే మళ్లీ కబురు పెట్టండి. ఒకసారి పేరు నమోదయ్యాక చాలాచోట్ల మీరే నేరుగా ఫోన్ చేయొచ్చు. సెలవులకు ఇండియా తీసుకెళ్లాలంటే టికెట్లు కొనేముందే సర్వీస్‌కు చెప్పండి, ఇన్సూరెన్స్ సంగతి కూడా అడగండి. విమానంలో చక్రం విరిగితే ఖమ్మంలో ఆ పార్టులు దొరకవు.