నాలుగేళ్ల పాపకు, ఆరేళ్ల బాబుకు ఇంట్లో బైబిల్ కథలు ఎలా చెప్పాలి?

బైబిల్ తెరిచి చదవడం మొదలుపెట్టగానే పిల్లలు లేచి ఆటలకు పోతున్నారని రాశారు. బొమ్మల పుస్తకాలు కొనాలా, వీడియోలు పెట్టాలా అని కూడా అడిగారు. మా పిల్లలిద్దరికీ ఈ వయసు నుంచే కథలు చెబుతూ వచ్చాను కాబట్టి నా అనుభవం చెబుతాను. కొనాల్సిందేమీ లేదండి. పుస్తకం మూసేసి, పిల్లల మొహాలు చూస్తూ మీ మాటల్లో చెప్పండి. మన బైబిల్లోని గ్రాంథికం పెద్దవాళ్లకే ఒక్కోసారి కొరుకుడు పడదు, నాలుగేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది?

అయితే చెప్పేముందు ఆ అధ్యాయం మీరొక్కరే నెమ్మదిగా చదువుకోవాలి. మనకు కథ తెలుసనే అనుకుంటాం. చదివితే మనం మర్చిపోయినవి బోలెడు కనిపిస్తాయి, పిల్లలకు కావలసింది సరిగ్గా అవే. గొర్రెలు కాసే కుర్రాడు దావీదు, భారీకాయుడైన యోధుడు గొల్యాతుల కథే చూడండి. దావీదు యుద్ధభూమికి పోరాడటానికని వెళ్లలేదు. అన్నలకు వేయించిన ధాన్యం, పది రొట్టెలు ఇచ్చి రమ్మని నాన్న పంపితే వెళ్లాడు. రాజు సౌలు తన కవచం తొడిగితే దాంతో నడవలేక విప్పేశాడు. వాగులోంచి ఐదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు, వాడింది ఒక్కటే. మా పెద్దవాడికి గొల్యాతు ఎత్తు కన్నా ఆ మిగిలిన నాలుగు రాళ్ల మీదే ధ్యాస. అవి ఏమయ్యాయని చాలాసార్లు అడిగాడు. బైబిల్లో చెప్పలేదురా అన్నాను.

ఈ మాట అనడానికి వెనకాడకండి. కథ రక్తి కట్టాలని మనం నాలుగు మాటలు కలుపుతాం, తప్పులేదు. కాకపోతే ఏది వాక్యంలో ఉందో, ఏది మన ఊహో పిల్లలకు తెలియాలి. బాలయేసును చూడటానికి వచ్చిన జ్ఞానులు ముగ్గురని అందరం చెబుతుంటాం. మత్తయి సువార్తలో కానుకలు మూడని తెలుస్తుంది, మనుషులు ఎందరో లేదు. "ఇది అమ్మ ఊహ" అని నేను ముందే చెప్పేస్తాను. ఇప్పుడు వాళ్లే మధ్యలో ఆపి "ఇది ఉందా, నీ ఊహా?" అని నిలదీస్తున్నారు!

మీ పాప కుదురుగా కూర్చోదన్నారు కదా, కూర్చోబెట్టకండి. యెరికో పట్టణం చుట్టూ తిరిగితే గోడలు కూలిన కథకు మంచం చుట్టూ తిప్పండి. ఆరు రోజులు రోజుకొకసారి, ఏడో రోజు ఏడుసార్లు. నాయకుడు యెహోషువ చెప్పేదాకా ఎవరూ నోరు విప్పకూడదని ఆజ్ఞ. యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయంలోనే ఉంది, నేను కల్పించింది కాదు. చివరికి ఒక్కసారి గట్టిగా కేక వేయనివ్వండి. ఆ కేక కోసం మా చిన్నది చుట్లన్నీ మూతి బిగించుకుని తిరిగేది. బాల సమూయేలు కథలో దేవుడు పిలిస్తే, మొదటి మూడుసార్లూ యాజకుడు ఏలీ పిలిచాడనుకుని వాడు ఆయన దగ్గరకు వెళ్లి "పిలిచావు కదా, వచ్చాను" అంటాడు. మూడుసార్లూ అదే మాట. రెండోసారికే పిల్లలు ఆ మాట అందుకుంటారు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది కథ అయిపోయాక మనం చేసే పని. "కాబట్టి మీరు కూడా అమ్మానాన్నల మాట వినాలి, సరేనా?" అని ఒక తోక తగిలిస్తాం. అది వినగానే వాళ్ల కళ్లలో వెలుగు పోతుంది. యోనా గ్రంథం చూడండి, నాలుగే అధ్యాయాలు. దేవుడు వేసిన ప్రశ్నతోనే ఆగిపోతుంది. అంత పెద్ద నీనెవె పట్టణం మీద, అందులోని పశువుల మీద నేను జాలిపడకూడదా అంటాడు. యోనా ఏమన్నాడో లేదు. తప్పిపోయిన కుమారుడి కథలో, తిరిగొచ్చిన తమ్ముడికి నాన్న విందు చేస్తున్నాడని అలిగి బయటే ఉండిపోయిన పెద్దకొడుకు ఇంట్లోకి వెళ్లాడో లేదో యేసుప్రభువు చెప్పలేదు. ఆయనే అక్కడ వదిలేస్తే మనకు తొందరేంటి? నేనైతే "నువ్వే ఆ అన్నవైతే లోపలికి వెళ్తావా?" అని అడిగి ఊరుకుంటాను. "వెళ్లను, వాడికెందుకు విందు?" అని మావాడు ఠక్కున అన్నాడు. నేను దిద్దలేదు. కొన్నాళ్లకు వాడే మళ్లీ ఆ సంగతి ఎత్తాడు.

భయపెట్టే చోట్ల గురించి కూడా అడిగారు. అబ్రాహాము ఇస్సాకును బలికి తీసుకెళ్లడం, ఐగుప్తులో తొలిచూలు పిల్లల మరణం నాలుగేళ్లకు వద్దనే నా అభిప్రాయం. గొల్యాతు కథ రాయి నుదుటికి తగిలి పడిపోయేదాకా చెప్పి ఆపుతాను. జలప్రళయంలో ఓడ ఎక్కనివాళ్ల సంగతి మాత్రం మీరు దాటేసినా వాళ్లు అడుగుతారు. అడిగితే చనిపోయారని చెప్పండి, అబద్ధం చెప్పకండి. అక్కడి నుంచి కాకి, పావురం, ఒలీవ ఆకు దగ్గరకు వస్తే కాస్త కుదుటపడతారు.

కంఠత వాక్యాలు, క్విజ్‌లు సండే స్కూల్‌లో ఎలాగూ ఉంటాయి. ఇంట్లో కథకు పరీక్ష పెట్టకండి. రోజూ కొత్త కథ కావాలన్న టెన్షన్ కూడా వద్దు, వాళ్లు అడిగిందే మళ్లీ చెప్పండి. మొదట చెప్పడానికి జక్కయ్య కథ తేలిక. లూకా 19లో మొదటి పది వచనాలే. పొట్టి మనిషి, జనం, మేడిచెట్టు. మీ బాబును కుర్చీ ఎక్కించి, చెట్టు మీదున్న జక్కయ్యను యేసు పిలిచినట్టే పేరు పెట్టి పిలిచి, త్వరగా దిగమనండి.