సముద్రంలో ప్రాణం పోవచ్చని తెలిసీ పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ కుర్రాళ్లు స్పెయిన్‌కు దొంగచాటుగా పోయే పడవలు ఎందుకు ఎక్కుతున్నారు?

"అంత ప్రమాదమని వాళ్లకు ఎవరూ చెప్పరా? వీసా తీసుకుని వెళ్లొచ్చు కదా? దీన్ని ఆపే దారే లేదా?" అని ఒకరు అడిగారు.

చెప్పాల్సిన పనే లేదండీ. ఎక్కేవాళ్లలో చేపల వేటకు వెళ్లే కుర్రాళ్లు చాలామంది. ఆ సముద్రం గురించి వాళ్లకు కొత్తగా చెప్పేదేముంటుంది? కరెంటు లైన్లు వేసే ఒక కంపెనీ తరఫున నేను కొన్నేళ్లు ఎంబూర్‌లో స్టోర్స్ చూశాను. డకార్‌కు దక్షిణాన ఉన్న పెద్ద చేపల రేవు అది. నాది శ్రీకాకుళం జిల్లా తీరం, కాబట్టి సెలవు దొరికితే రేవులోనే ఉండేవాణ్ని.

అక్కడి పడవను పిరోగ్ అంటారు. పొడవాటి చెక్క పడవ, ఒళ్లంతా రంగులు, వెనక ఔట్‌బోర్డ్ ఇంజన్. జనాన్ని తీసుకెళ్లడానికి వేరే పడవేం కట్టరు, నిన్నటిదాకా చేపలు తెచ్చిందే ఇవాళ మనుషుల్ని ఎక్కించుకుంటుంది. నడిపేవాడూ వేటగాడే, చాలాసార్లు అతని దగ్గర డబ్బు తీసుకోరు. పెట్రోల్ డ్రమ్ములు, నీళ్ల క్యాన్లు, బిస్కెట్లు, బియ్యం, ఒక జీపీఎస్. ఆ సరంజామాతో స్పెయిన్ వాళ్ల కెనరీ దీవుల దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు పోవాలి. అన్నీ కలిసొస్తే వారం, పది రోజుల ప్రయాణం.

వేట వదిలేసి పోవడం ఎందుకంటే, చేప తగ్గిపోయింది. మన కవళ్ల జాతి చేపే అక్కడ పేదవాడి కూర, యాబోయ్ అంటారు. ఇప్పుడది ఇళ్లకంటే ముందు ఫిష్ మీల్ ఫ్యాక్టరీలకు పోతోంది. సెనెగల్, గాంబియా, మారిటేనియా మూడు దేశాల్లోనూ ఇదే వరస. పొడి చేసి విదేశాల్లో చేపల పెంపకానికి అమ్ముతారు. భీమవరం వైపు వాళ్లకు ఫిష్ మీల్ సంగతి చెప్పక్కర్లేదు. దానికి తోడు విదేశీ ట్రాలర్లు. రేవులో ఎవర్ని కదిపినా తిట్లు మొదలయ్యేది వాటితోనే. స్థానిక పడవలు కూడా విపరీతంగా పెరిగాయి, కానీ ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు! అలాగని వెళ్లేవాళ్లంతా వేటగాళ్లే కాదు. మెకానిక్కులు, టైలర్లు, చదువు ఆపేసిన పిల్లలు, పక్క దేశం మాలిలో యుద్ధం నుంచి తప్పించుకొచ్చినవాళ్లు కూడా ఉంటారు.

ఇక వీసా సంగతి. మా స్టోర్‌లో హెల్పర్‌గా చేసిన కుర్రాడు ఒకరోజు అన్నం తింటూ లెక్క చెప్పాడు. పడవకు 3 లక్షల నుంచి 5 లక్షల సీఎఫ్ఏ ఫ్రాంకులు (అక్కడి కరెన్సీ), మన డబ్బుల్లో సుమారు 40 వేల నుంచి 70 వేలు. వీసాకైతే ఫీజు కట్టాలి, తిరస్కరిస్తే అది వెనక్కి రాదు. బ్యాంకులో డబ్బు చూపించాలి, ఉద్యోగం కాగితాలు చూపించాలి. "అవన్నీ ఉంటే నేనెందుకు వెళ్తాను బాస్?" అన్నాడు. ఒకసారి చేరుకుంటే, కాగితాలు లేకపోయినా కొన్నేళ్లు ఎలాగోలా నెట్టుకొస్తే స్పెయిన్‌లో నివాసానికి దరఖాస్తు పెట్టుకునే వీలుందని కూడా అతనికి తెలుసు.

అసలు ఆ డబ్బు కూడబెడుతున్నది వాళ్లమ్మ. ఆడవాళ్లు కలిసి టోంటిన్ అని మన చీటీలాంటిది వేసుకుంటారు. ఆవిడ వంతు వస్తే అది కొడుకు పడవకని ముందే అనుకున్నారు. వాళ్ల సందులోనే ఇటలీ డబ్బుతో డాబా ఇళ్లు లేచాయి మరి. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లు చూసి పెరిగిన కరీంనగర్, కడప కుర్రాళ్లకు ఈ ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుసు. "బార్సిలోనా, లేదంటే పరలోకం" అనే నినాదం ప్రతి వార్తలోనూ రాస్తారు. నేను రేవులో విన్న మాటలు మాత్రం ఎక్కువగా పెట్రోల్ ధర, ఇంజన్ కండిషన్ గురించే.

ప్రమాదం పెరగడానికి ఇంకో కారణం కాపలా. 2006లో దాదాపు 32 వేల మంది కెనరీ దీవులకు చేరారు. తర్వాత స్పెయిన్ గస్తీ పెట్టించింది, కొన్నేళ్లు తగ్గింది. 2020 నుంచి మళ్లీ పుంజుకుని, 2024లో 46 వేలు దాటింది. గస్తీకి దొరక్కూడదని పడవలు తీరాన్ని వదిలి అట్లాంటిక్ లోపలికి చాలా దూరం పోయి, చుట్టూ తిరిగి, పడమటి చివరన ఉన్న ఎల్ ఇయెరో దీవికి వస్తాయి. ఆ దీవి తప్పిపోయిందా, ఇక అమెరికా ఖండం దాకా నేల లేదు. ఇంజన్ ఆగితే గాలి, ప్రవాహం అటే లాక్కుపోతాయి. 2021లో మారిటేనియా పడవ ఒకటి శవాలతో కరీబియన్‌లోని టొబాగో దగ్గర తేలింది. 2023 జులైలో సెనెగల్‌లోని ఫాస్ బోయ్ అనే ఊరి నుంచి 100 మందికి పైగా బయల్దేరారు. నెల దాటాక పడవ అట్లాంటిక్‌లోని కేప్ వెర్డీ దీవుల దగ్గర దొరికింది, బతికినవాళ్లు 38 మంది. 2024 సెప్టెంబర్‌లో ఎంబూర్ నుంచే బయల్దేరిన పడవ కొన్ని కిలోమీటర్లు పోకముందే తిరగబడి 30 మందికి పైగా పోయారు. నేను అప్పటికి ఇండియా వచ్చేశాను. పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేసేదాకా ఒకటే టెన్షన్.

ఆపే దారి అంటారా? అవగాహన పోస్టర్ల మీద నాకు నమ్మకం లేదు. పోయినవాళ్ల పేర్లు ప్రతి సందులోనూ తెలుసు, ఇక పోస్టర్ ఏం చెప్తుంది? పడవ నడిపినవాణ్ని స్పెయిన్‌లో జైల్లో వేస్తారు, దాంతో ఇంకొకడు నడుపుతాడు. కాస్త పనికొచ్చేది నాకు ఒకటే కనిపించింది. పంటల సీజన్‌కు స్పెయిన్ తోటల్లో పని చేసి తిరిగొచ్చే వీసా. సెనెగల్‌తో అది నడుస్తోంది. మారిటేనియా, గాంబియాలతోనూ 2024 ఆగస్టులో ఒప్పందాలు చేసుకున్నారు. కానీ సీట్లు బాగా తక్కువ. మా హెల్పర్ కూడా పేరిచ్చాడు. వ్యవసాయం పని చేశావా అని అడిగారట. అతనికి వచ్చింది వల లాగడం, మా స్టోర్‌లో బాక్సులు మోయడం. పిలుపు రాలేదు.